లాగడం వేరు, ఆపడం వేరు

పోయిన ఆదివారం పొద్దున దోసెల పిండి కలుపుతుంటే స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్ళు కూడా మాలాగే మినెసోటాలోనే ఉంటారు, ఊరే వేరు. "మా ఆయన రెండు స్నోమొబైల్స్ బేరమాడారే. ట్రైలర్ కూడా చూస్తున్నారు. మన చిన్న పికప్ లాగుతుందా అంటే, భేషుగ్గా లాగుతుంది, నాలుగు వేల పౌండ్లని యాడ్‌లోనే చెప్పారు అంటున్నారు. మీకు అలవాటే కదా, నువ్వేమంటావు?" అంది.

"లాగుతుందిలే. ఆపుతుందా అని అడుగు" అన్నాను.

తనకి అర్థం కాలేదు. ఐదు నిమిషాల ఫోన్‌లో తెమిలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. బండ్లూ బరువులూ మనకెందుకు, అవన్నీ మగవాళ్ళు చూసుకుంటారు అనుకునేవాళ్ళు ముందుగా చదవాలి. మూడేళ్ళ కిందటి దాకా నేనూ ఆ బాపతే.

స్నోమొబైల్ చూడనివాళ్ళ కోసం ఒక మాట. అది మంచు మీద నడిచే మోటారు సైకిల్ లాంటిది. ముందు రెండు స్కీలు, వెనక చక్రాల బదులు గిర్రున తిరిగే రబ్బరు పట్టా. మనవైపు కోడిపందేలెంతో ఇక్కడివాళ్ళకి ఇదంత. పొలారిస్ కంపెనీ 1954లో ఈ రాష్ట్రం ఉత్తరపు కొసన రోజో అనే చిన్న ఊళ్ళో పుట్టింది. రాష్ట్రమంతా కలిపితే స్నోమొబైళ్ళు తిరిగే దారులే 22,000 మైళ్ళకి పైగా ఉన్నాయి. నవంబరులో మొదలైన మంచు ఏప్రిల్ దాకా కదలదు. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. ఆ చీకటికి మా ఆయన ఏటేటా ముడుచుకుపోయేవారు. ఆఫీసు, ఇల్లు, సోఫా, ఫోను. ఆఫీసువాళ్ళు ఒకసారి బలవంతంగా స్నోమొబైల్ ఎక్కిస్తే, ముక్కు ఎర్రగా కందిపోయి, పెద్దగా నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. జనవరి నెలలో ఆయన అలా నవ్వడం నేను చూడటం అదే మొదలు. అందుకే రెండు పాత బండ్లు కొంటానంటే కాదనలేదు. 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్ళు ఈ రాష్ట్రంలో స్నోమొబైల్ నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. ఆయన బుద్ధిగా కూర్చుని ఆ కోర్సు కూడా చేశారు.

బండి నడపడానికి పాఠం ఉంది. దాన్ని ట్రైలర్‌లో పెట్టి హైవే మీద లాక్కెళ్ళడానికి మాత్రం మమ్మల్ని ఎవరూ ఏ పాఠమూ అడగలేదు. కొక్కేనికి తగిలించుకుని బయల్దేరడమే.

ట్రైలర్ కూడా పాతదే కొన్నారు. నాలుగు పక్కలా మూసి, వెనక తలుపు కిందికి దించితే ర్యాంపులా అయ్యే రకం. పికప్ ఏమో మా పచారీ సామాన్లకీ పిల్లల స్కూలుకీ ఆఫీసుకీ అన్నిటికీ వాడుకునే చిన్నది, నాలుగు తలుపులది. ఫిబ్రవరిలో లాంగ్ వీకెండ్ వచ్చింది. డులూత్ దాటాక సుపీరియర్ సరస్సు ఒడ్డున ఒక క్యాబిన్ తీసుకున్నాం. చలికాలంలో అక్కడ కుళాయి నీళ్ళు రావు, నీళ్ళు మనమే తీసుకెళ్ళాలన్నారు. సర్దింది నేనే. ఐదేసి గ్యాలన్ల నీళ్ళ క్యాన్లు నాలుగు, పెట్రోలు క్యాన్లు రెండు, కూలరు నిండా కూరలూ పాలూ, నలుగురి హెల్మెట్లూ మంచు బట్టలూ. స్నోమొబైల్స్ రెండూ ముందుకి ఎక్కించేశారు కాబట్టి, ర్యాంపు తీయగానే చేతికి అందేలా ఇవన్నీ వెనక తలుపు దగ్గర పేర్చాను. ఎంత బాగా సర్దానో అని నాకు నేనే మురిసిపోయాను కూడా. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఐ-35 మీద ఉత్తరానికి వెళ్తున్నాం. మొదటి గంట నుంచే వెనక ఏదో మెల్లగా కొట్టుకుంటున్నట్టు అనిపిస్తోంది. "ఏవండీ, బండి వెనకనుంచి ఊగుతున్నట్టు లేదూ?" అన్నాను. "గాలి" అన్నారు. ఇంకో అరగంటకి మళ్ళీ అన్నాను. "నీకు అన్నిటికీ భయమే. ఫ్లైట్ ఎక్కినా ఇంతే" అన్నారు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. నాకు ఇప్పటికీ నచ్చనిది నా ఆ నవ్వే.

మూస్ లేక్ దాటాక రోడ్డు కాస్త పల్లంగా ఉన్న చోట, మా ఎడమపక్కనుంచి పద్దెనిమిది చక్రాల లారీ ఒకటి దాటుకుంటూ వెళ్ళింది. దాని గాలికి ట్రైలర్ ఒకసారి లోపలికి లాగినట్టై, మళ్ళీ బయటికి నెట్టినట్టైంది. అంతే, తోక ఆడటం మొదలైంది. కుడికి, ఎడమకి, ప్రతిసారీ ముందటికన్నా ఎక్కువగా. అద్దంలో ట్రైలర్ పక్క గోడ ఒకసారి ఇటు, ఒకసారి అటు కనిపిస్తోంది. మా ఆయన బ్రేకు తొక్కారు. ఊగడం ఇంకా పెరిగింది. వెనక సీట్లో మా చిన్నది "డాడీ" అని ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపుకో మరి దేనికో, ఆయన కాలు బ్రేకు మీంచి లేచిపోయింది. స్టీరింగ్ మాత్రం బిగించి పట్టుకున్నారు. వేగం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఊగడం సన్నగిల్లి, రోడ్డు పక్కకి వచ్చి ఆగాం. మొత్తం పది సెకన్లు ఉంటుందేమో. ఎవరం మాట్లాడలేదు. కూలరులో పాలు ఒలికిన చప్పుడు కూడా నాకు వినపడిందనిపించింది.

అక్కణ్ణించి నలభై మైళ్ళ వేగంతో, లైట్లు మిణుకుమిణుకుమంటూ, థాంప్సన్ హిల్ మీది రెస్ట్ ఏరియా దాకా వెళ్ళాం. ఆ దారిన వెళ్ళినవాళ్ళకి తెలుసు, అక్కడ నిలబడితే కింద డులూత్ ఊరు, ఓడరేవు, ఆ వెనక సముద్రంలాంటి సరస్సు అంతా కనపడుతుంది. చూడటానికి చాలా బాగుంటుంది. కానీ ఊళ్ళోకి వెళ్ళాలంటే ఆ కొండ దిగాలి. ఇంటర్‌స్టేటే, కానీ నిటారు దిగుడు. "ఈ బండిలో పిల్లలతో ఈ కొండ నేను దిగను" అన్నాను. పెళ్ళయిన పదిహేనేళ్ళలో నేను ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదటిసారి.

మా వాదన జరుగుతుంటే పక్కన ఇంకో ట్రక్కు ఆగి ఉంది, దాని వెనకా స్నోమొబైల్ ట్రైలరే. అందులోంచి డెబ్బై ఏళ్ళుండే ఒకావిడ దిగింది. డ్రైవరు సీట్లోంచే దిగింది. వాళ్ళాయన పక్క సీట్లో నిద్రపోతున్నాడు. మా ట్రైలర్‌ని అటూ ఇటూ చూసి, ముక్కు పైకి లేచింది, తోక కిందికి కూర్చుంది అంది. "మీ టంగ్ వెయిట్ ఎంత?" అని అడిగింది. మాకిద్దరికీ తెలీదు. "ట్రైలర్ మొత్తం ఎంత?" తెలీదు. "మీ ట్రక్కు ఎంత లాగొచ్చని పుస్తకంలో ఉంది?" నాలుగు వేలు అన్నారు మా ఆయన. "పుస్తకంలో చూశారా?" అంది. యాడ్‌లో చూశారు.

గ్లవ్ బాక్స్‌లోంచి ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఆ పుస్తకం తీసి నేనే వెతికాను. నాలుగు వేల పౌండ్లు నిజమే, కానీ ఫ్యాక్టరీలోనే టోయింగ్ ప్యాకేజీ పెట్టించుకున్న బండికి. పెట్టించుకోని బండికి రెండు వేలు. మాది పెట్టించుకోనిది. ఆ ప్యాకేజీ అంటే వెనక కొక్కెం ఒక్కటే కాదు, ఇంజన్నీ గేర్లనీ చల్లబరిచే ఏర్పాట్లలాంటివి కూడా అందులో ఉంటాయట. కొక్కెం బయట బిగించుకున్నంత మాత్రాన రెండు వేలు నాలుగు వేలు అయిపోవు.

ఆవిడ చెప్పినంతసేపూ మా ఆయన చేతులు కట్టుకుని విన్నారు. రెండు గంటలుగా నేను మొత్తుకున్నదీ, ఆవిడ రెండు నిమిషాల్లో చెప్పిందీ ఒకటే. నాకు కడుపు మండిన మాట నిజం. ఇంటికొచ్చాక చాలా రోజులు ఆలోచించాను, ఎందుకలా అని. ఆవిడ అంకెలు అడిగింది. నేను భయం చెప్పాను. మనిళ్ళల్లో ఆడవాళ్ళ భయానికి జవాబు "నీకు అన్నిటికీ భయమే" అని ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "టంగ్ వెయిట్ ఎంత" అన్నదానికి ఆ జవాబు పనికిరాదు.

ఆ రోజు కొండ మేం ట్రైలర్‌తో దిగలేదు. మా ఆయన ఆఫీసులో ఒకాయన ఊరు డులూతే. ఫోన్ చేస్తే గంటన్నరలో పెద్ద పికప్ వేసుకొచ్చి, సామాన్లు ముందుకి జరిపించి, ట్రైలర్ తనే కిందికి దించి వాళ్ళ నాన్నగారి ఇంటి ముందు పెట్టాడు. మేం ఊళ్ళోనే హోటల్లో దిగాం. క్యాబిన్ డబ్బులు పోయాయి. పిల్లలు హోటల్ ఈతకొలనులో మూడు రోజులు మహారాజుల్లా గడిపారు.

ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్ చేశాను. మా నాన్న గోదావరి జిల్లాలో రైతు, చిన్నప్పుడు ఎడ్లబండి తోలినవాడు. జరిగింది చెప్తే, "ఓసి పిచ్చిదానా, ఇది బండి కట్టేవాడెవడికైనా తెలిసిందే కదే" అన్నాడు. ఎడ్లబండికి రెండే చక్రాలు. ధాన్యం బస్తాలు ఇరుసుకి వెనకగా ఎక్కువ వేస్తే నొగ పైకి లేస్తుంది, కాడి ఎద్దు మెడమీంచి తేలి, గొంతు కింది తాడు బిగుసుకుంటుంది. ఎద్దుకి ఊపిరాడదు, కాలు నిలవదు. మరీ ముందుకి వేస్తే బరువంతా మెడ మీద పడి కుంగిపోతుంది. అందుకే బస్తాలు సర్దాక నొగ పట్టుకుని ఎత్తి చూసేవారట. చేతికి కాస్త బరువు తగలాలి, మరీ ఎక్కువ తగలకూడదు. "కాస్త ముందు బరువుండాలమ్మా. బండి అప్పుడే ఎద్దు మాట వింటుంది" అన్నాడు.

అమెరికావాళ్ళ పుస్తకంలో ఉన్నదీ అదే. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు ముందు కొక్కెం మీద పడాలి. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. అంతకన్నా తగ్గితే తోక ఊగుతుంది. ఎక్కువైతే పికప్ వెనకభాగం కుంగి, ముందు చక్రాలు తేలికవుతాయి. మా బండిలాంటి చిన్నవాటిల్లో చాలావాటికి తిప్పేదీ, ముఖ్యంగా లాగేదీ ఆ ముందు చక్రాలే. మంచు మీద అవి తేలికైతే ఇక చెప్పేదేముంది.

ఇంటికొచ్చాక నేను లెక్క వేశాను. కాయితం మీద, పెన్సిలుతో, పచారీ జాబితా రాసినట్టే. ఖాళీ ట్రైలర్ 1,150 పౌండ్లు. స్నోమొబైల్స్ పెట్రోలుతో సహా ఒక్కోటి 600, రెండూ 1,200. నేను సర్దిన సామాను 350. మొత్తం 2,700. మా బండి హద్దు 2,000. ఏడు వందల పౌండ్లు, అంటే మూడు వందల కిలోలకి పైగా అదనం. ఇది మా ఆయన తప్పు.

తర్వాత సామాను అంతా ఆ రోజు ఉన్నట్టే మళ్ళీ పేర్చి, ట్రైలర్ ముక్కు కింద బాత్రూం స్కేలు పెట్టి తూచాం. 120 వచ్చింది. కనీసం 270 ఉండాల్సిన చోట 120. నీళ్ళ క్యాన్లూ పెట్రోలూ కూలరూ ముందు మూలకి జరిపి మళ్ళీ తూచాం. 320 వచ్చింది. బరువు అంతే, వస్తువులు అవే. చోటు మారింది, అంతే తేడా. ఆ రోజు నా పిల్లల్ని రోడ్డు మీద ఊయల ఊపింది, చేతికి అందేలా ఉండాలని నేను మురిసిపోతూ సర్దిన సర్దుడు. ఇది నా తప్పు. ఆయన్ని మాత్రమే నిలదీస్తూ ఈ వ్యాసం రాయొచ్చు, చాలామంది మెచ్చుకుంటారు కూడా. కానీ నిజం కాదు.

అందుకే నేననేది, ఇది ఇల్లాలికి సంబంధం లేని విషయం కానేకాదు. ఇంట్లో సామాను సర్దేది ఎవరు? పిల్లల బరువులు, డాక్టరు దగ్గర రాయించిన ప్రకారం, ఎవరికి తెలుసు? క్యాబిన్‌కి ఎన్ని లీటర్ల నీళ్ళు కావాలో లెక్క కట్టేది ఎవరు? బండి మీద పడే బరువులో సగం మన చేతిమీదుగానే ఎక్కుతోంది. ఎంతవరకు ఎక్కించొచ్చో మాత్రం మనకి తెలీదు. బియ్యం కొలవడం వచ్చి గిన్నె సైజు తెలియనట్టు.

ఆ గిన్నె సైజు డ్రైవరు తలుపు తీస్తే, చౌకట్టు మీద స్టిక్కరులో ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదు అని. మా బండికి 1,400 చిల్లర. అందులో మేం నలుగురం 500, వెనక తొట్టిలో సామాను 200, ట్రైలర్ ముక్కు బరువు 320 కూడా ఇందులోకే వస్తుంది. చాలామంది ఆ ముక్కు బరువు కలపడం మర్చిపోతారు. మొత్తం 1,020. అంటే మోసే పరీక్షలో మా బండి పాసైంది, లాగే పరీక్షలో ఫెయిలైంది. రెండూ వేరు వేరు పరీక్షలు. ఇంకోటి, లాగే హద్దు అని రాసే అంకె బండిలో ఒకరిద్దరు మనుషులే ఉన్నారనుకుని వేసింది. నలుగురు ఎక్కి, తొట్టి నింపితే, ఎక్కిన ప్రతి కిలో ఆ హద్దులోంచి తీసేసుకోవాల్సిందే.

ప్రెషర్ కుక్కర్ సంగతి మీకు నేను చెప్పాలా? ఐదు లీటర్ల కుక్కరని ఐదు లీటర్లూ నింపం. మూడింట రెండు వంతులు, పప్పయితే సగమే. మిగతాది ఆవిరికి వదుల్తాం. ఆ ఖాళీ కూడా వంటలో భాగమే. రోడ్డు మీద ఆ ఆవిరి అంటే పక్కనుంచి పోయే లారీ గాలి, దిగుడు, నల్లమంచు, హఠాత్తుగా ఎదురొచ్చే జింక.

లాగడం వేరు, ఆపడం వేరు అన్నది ఇందుకే. చదును రోడ్డు మీద చిన్న ఇంజను కూడా బరువు లాగేస్తుంది, కాస్త మూలుగుతుంది అంతే. ఆపేటప్పుడు మాత్రం ఆ బరువంతా వెనకనుంచి తోస్తుంది. మినెసోటాలో 3,000 పౌండ్లు, ఆపైన ఉన్న ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాలని చట్టం. మా ట్రైలర్ రేకు మీద గరిష్ఠ బరువు 2,990 అని ఉంది. ఆ పది పౌండ్ల తేడా చూసి నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు జలదరించింది. బ్రేకులు లేవు. చట్టప్రకారం తప్పు లేదు. అంత బరువుని ఆపాల్సిన భారమంతా ముందున్న ఆ చిన్న బండి మీదే.

ఊగడం మొదలైతే ఏం చేయాలో పిల్లలకి ఎక్కాలు నేర్పినట్టు నేర్చుకోండి. బ్రేకు గట్టిగా తొక్కకూడదు, తొక్కితే వెనక బరువు ముందుకి తోసుకొచ్చి ఇంకా విసిరేస్తుంది. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి సరిచేద్దామని చూడకూడదు. వేగం పెంచి తప్పించుకుందామని అసలే అనుకోకూడదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా బిగపట్టాలి. ట్రైలర్‌కి సొంత బ్రేకులుండి, విడిగా నొక్కే మీట ఉంటే, దాన్ని మెల్లగా నొక్కాలి. వేగం తగ్గాక ఆపి, సామాను ముందుకి జరపకుండా మళ్ళీ బయల్దేరకూడదు. కొండ దిగేటప్పుడు దిగుడు మొదలుకాకముందే వేగం తగ్గించి చిన్న గేరులో దిగాలి. ట్రైలర్ టైర్లలో చాలావాటికి గంటకి 65 మైళ్ళే హద్దని కూడా నాకు ఆ తర్వాతే తెలిసింది.

దీనికి రెండు రకాల ఎదురు వాదనలు వింటుంటాను. మొదటిది, "మేం పదేళ్ళుగా ఇలాగే లాగుతున్నాం, ఏమీ కాలేదు". సంతోషం. మేం కూడా మూస్ లేక్ దాకా ఏమీ కాకుండానే వెళ్ళాం. ఏమీ కాకపోవడానికి లెక్క సరిపోవడం ఒక కారణం కావచ్చు, పక్కన లారీ రాకపోవడం ఇంకో కారణం కావచ్చు. రెండోది నమ్ముకుని పిల్లల్ని ఎక్కించలేం.

రెండోది, "అయితే పెద్ద ట్రక్కు కొనాల్సిందే". ఈ మాట మా ఆయన కూడా ఆశగా అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏడాదిలో నాలుగైదు ప్రయాణాల కోసం నెలనెలా అంత ఈఎంఐ, రోజూ అంత పెట్రోలు ఎందుకు? చిన్న పికప్ తప్పు ఏమీ లేదు. దాని మీద దాని శక్తికి మించింది పెట్టింది మనం. మూసిన ట్రైలర్ అమ్మేసి, తెరిచి ఉండే అల్యూమినియం ట్రైలర్ తీసుకున్నాం. దాని బరువు 450. రెండు బండ్లతో కలిపి 1,650, ఇంకా 350 ఖాళీ. గాలికి అడ్డం పడే పెద్ద గోడా లేదు. కొన్ని చిన్న పికప్‌ల పుస్తకాల్లో ట్రైలర్ ముందుభాగం ఎంత వెడల్పూ ఎత్తూ మించకూడదో కూడా ఉంటుంది, చూసుకోండి. నీళ్ళు ఇక్కణ్ణించి మోసుకెళ్ళడం మానేశాం, ఊరు చేరాక కొంటున్నాం. బండ్లమీద మంచూ ఉప్పూ పడుతుందని మా ఆయన గొణుగుతారు. పడితే తుడుచుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో పట్టాల్లో గడ్డకట్టిన మంచు కొట్టి దులిపేయడం మాత్రం మా పెద్దాడి పని, అది కూడా బరువే కదా.

ఇంకోటి కూడా చేశాను. ఆ వేసవిలో స్కూలు పార్కింగ్‌లో ఖాళీ ట్రైలర్ తగిలించుకుని వెనక్కి తోలడం నేర్చుకున్నాను. మొదటి రోజు ఏడుపొచ్చింది. కుడికి తిప్పితే ఎడమకి పోతుంది. తర్వాత కిటుకు తెలిసింది, స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టి, ట్రైలర్ ఎటు పోవాలో ఆ చెయ్యి అటు జరపడమే. నాలుగో ఆదివారానికి రెండు గీతల మధ్య నిలబెట్టాను. సరదాకి కాదు. ఆ అడవుల్లో ఆయనకి జ్వరమొస్తేనో, చెయ్యి బెణికితేనో, పిల్లల్ని ఇంటికి తీసుకురావాల్సింది నేనే. రెస్ట్ ఏరియాలో డ్రైవరు సీట్లోంచి దిగిన ఆవిడ నాకు ఇంకా గుర్తుంది.

మా ఆయన గురించి కూడా చెప్పాలి. ఆయనేమీ మొండిమనిషి కాదు. ఆ రోజు హోటల్లో పిల్లలు నిద్రపోయాక, "నువ్వు రెండోసారి చెప్పినప్పుడే ఆగాల్సింది" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు, నేనూ పొడిగించలేదు. తర్వాత మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. బండిలో ఎవరైనా, చిన్నదైనా సరే, "ఏదో తేడాగా ఉంది" అంటే ముందు ఆగాలి, తర్వాతే వాదించుకోవాలి. అంకెలు తెలిస్తే మంచిదే, కానీ అంకె చెప్పలేనంత మాత్రాన భయం అబద్ధం అయిపోదు. ఆ రోజు నా నడుముకి తెలిసింది స్కేలుకి రెండు వారాల తర్వాత తెలిసింది.

ఇప్పుడు మా వంటింటి అల్మారా తలుపు లోపలివైపు, పాలవాడి లెక్క రాసుకున్నట్టు ఒక కాయితం అంటించి ఉంటుంది. లాగే హద్దు, మోసే హద్దు, ట్రైలర్, బండ్లు, మనుషులు, సామాను. పిల్లలు ఎదుగుతున్నారు కాబట్టి ప్రతి డిసెంబరులో వాళ్ళ అంకెలు మారుస్తాను. బయల్దేరేముందు గొలుసులు రెండూ నొగ కింద అడ్డంగా వేశామా, లైట్లు వెలుగుతున్నాయా, టైర్లలో గాలి ఉందా అని ఆయన చూస్తారు. బరువు నేను చూస్తాను. యాభై మైళ్ళ తర్వాత ఒకసారి ఆగి ఇద్దరం బెల్టులు లాగి చూస్తాం, ఫ్లాస్కులో టీ అప్పుడే తాగుతాం.

ఆదివారం ఇదంతా ఫోన్‌లో చెప్పలేక, స్నేహితురాలితో ఒక్కటే అన్నాను. "కోటు వేసుకుని గ్యారేజీలోకి వెళ్ళి డ్రైవరు తలుపు తియ్యి. అక్కడున్న అంకె నాకు చదువు. తర్వాత గ్లవ్ బాక్స్‌లో పుస్తకం తీసి టోయింగ్ పేజీ ఫోటో పంపు." పది నిమిషాలకి ఫోటో వచ్చింది. వాళ్ళది కూడా రెండు వేలదే. ఆ వెనకే ఇంకో మెసేజ్, "ఆయనకి ఎలా చెప్పనే?"

"చెప్పకు. పెన్సిలూ కాయితం ఇచ్చి, నువ్వు బరువులు చదువుతుంటే కూడమను" అని రాశాను.